కదపని ట్యూబులు

2014 జూలై 7, సోమవారం

ప్రిన్సిపాల్ నరసింగరావు గారు ఈరోజు ఒక పిల్లను తెచ్చి నా నెత్తిన పెట్టారు. పేరు రాజకుమారి. రామతీర్థం అవతల ఏదో పల్లె, వరి రైతుల కుటుంబం. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. ప్రాజెక్టు అసిస్టెంటట.

నేను అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ కాలేజీలో జువాలజీ చెప్తున్నాను. ఎనిమిదేళ్ళపాటు ఆదివారం చర్చి మానుకుని విజయనగరం నుంచి విశాఖపట్నం బస్సుల్లో నిలబడి పీహెచ్‌డీ చేశాను. అప్పుడెవరూ నాకు చెయ్యి సాయం ఇవ్వలేదు. థీసిస్ ఇచ్చేశాక, నవంబరులో వైవా ఉందనగా, మనిషిని ఇస్తున్నారు.

"మీ పేపరు సదివేనండి మేడమ్. బాగున్నాదండి. ఒక్కటే డౌటు," అంది.

మొదటిరోజే డౌటు. "తర్వాత," అన్నాను.

జూలై 9

దాని గొంతు పెద్దది. నవ్వితే వరండా చివరిదాకా వినిపిస్తుంది. ల్యాబ్ అటెండరు కూర్మయ్య అప్పుడే దానికి టీ తెచ్చి ఇస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో నాకు తెచ్చిన టీలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

జూలై 16

వైవాలో మొదట అడిగేది, "మీ పని నాలుగు మాటల్లో చెప్పండి" అని. రాసి చూసుకుంటున్నాను.

నైట్రిక్ ఆక్సైడ్ ఒక చిన్న వాయువు. మన ఒంట్లోనే తయారవుతుంది. ఒక కణం పక్క కణానికి పంపే కబురు అది. ఆ కబురు కణం పొరను ఎలా దాటుతుంది? పొర అంతా కొవ్వు కాబట్టి అందులోంచి ఊరికే జారిపోతుందని చాలామంది అంటారు. నేను కాదంటాను. నీళ్ళు పోవడానికి పొరలో ప్రోటీనుతో కట్టిన ద్వారాలుంటాయి, వాయువు కూడా వాటిలోంచే పోతుందంటాను. రుజువు: మేక రక్తకణాలు రెండు ట్యూబుల్లో. ఒకదానిలో మెర్క్యూరిక్ క్లోరైడ్ వేసి ద్వారాలు మూసేస్తాను. రెండింటిలోనూ వాయువు వదిలే పొడి వేస్తాను. వాయువు లోపలికి చేరితే ఎర్రటి కణాలు గోధుమరంగుకి తిరుగుతాయి. మూయని ట్యూబు తొందరగా, మూసిన ట్యూబు నెమ్మదిగా. అదే అచ్చయిన నా పేపరు, అదే మూడో అధ్యాయం. అదే థీసిస్.

ఎనిమిదేళ్ళు ఇంతలో అయిపోయాయి.

ఈరోజు సెకండియర్ పిల్లలకు ఇదే చెప్తుంటే, వెనక బెంచీలో కూర్చున్న రాజకుమారి చెయ్యెత్తింది. "మేడమ్, ఆక్సిజన్‌కి ద్వారం అక్కర్లేదు కదండి. ఇది దానికంటే పెద్దది కాదు. దీనికి మాత్రం ఎందుకండి?"

నలభైమంది పిల్లలు నా వైపు తిరిగారు.

"నీ పని బీకర్లు కడగడం," అన్నాను.

నవ్వారు. దాన్ని చూసి నవ్వారు, నన్ను చూసి కాదు.

జూలై 30

వాన. కాలేజీ లేదు. ప్రశాంతం.

ఆగస్టు 20, బుధవారం

రెండు ట్యూబులు పట్టుకుని స్టాఫ్ రూముకే వచ్చేసింది. అందరూ ఉన్నారు.

"మేడమ్, ఒక్కసారి సూడండి. మెర్క్యురీ ఏసిన ట్యూబులో కణాలు ఒకదానికొకటి అంటుకుపోతన్నాయి. ముద్దలా అడుక్కి దిగిపోతన్నాయి. ఆ ముద్ద లోపలికి గ్యాసు ఎల్లడానికే టైము పడతన్నాది. పొర ఆపట్లేదండి, ముద్ద ఆపతన్నాది. ట్యూబు కదుపుతా ఉంటే రెండూ ఒకేసారి రంగు మారిపోతన్నాయి."

"ఎన్నిసార్లు చేశావు?"

"పదకొండుసార్లండి."

"పన్నెండోసారి చెయ్యి. చెయ్యి కుదిరేదాకా చెయ్యి."

కెమిస్ట్రీ ఆయన పేపరు వెనకాల మొహం దాచుకున్నాడు. నవ్వుతున్నాడని నాకు తెలుసు.

ట్యూబులు కదపమని దానికెవరు చెప్పారు? రక్తనాళంలో ఎవరైనా చెంచా పెట్టి తిప్పుతున్నారా?

ఆగస్టు 21

రక్తం పారుతూనే ఉంటుంది. తెలుసు. నాకెవరూ చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 2

దాని రికార్డు నోటుబుక్కు దిద్దుతానని తీసుకున్నాను. సీనియర్లు దిద్దడం పద్ధతే.

సెప్టెంబరు 10

నోటుబుక్కు అడిగింది. ఇంకా చూడలేదన్నాను.

సెప్టెంబరు 15

మళ్ళీ అడిగింది. ల్యాబులోనే పెట్టేశాననీ, అక్కడే ఎక్కడో ఉంటుందనీ అన్నాను. పాపం, బల్లల కిందంతా వంగి వెతికింది. "పాపం" అని ఎందుకు రాశానో తెలియదు.

సెప్టెంబరు 18, గురువారం

నాలుగు గంటలకు రాజకుమారి వెళ్ళిపోయాక, ఒక్కసారి నేనే చేసి చూద్దామని కూర్చున్నాను. అనుమానంతో కాదు. వైవాకి చెయ్యి అలవాటు తప్పకూడదని. మెర్క్యూరిక్ క్లోరైడ్ సీసా తీశాను, ట్యూబులు సర్దాను. ఇంతలో పక్కింటి సుభద్రమ్మ గారి ఫోను: "మీ అమ్మకి గుండెలో నొప్పట, బేగి రండి."

పరుగెత్తాను.

అమ్మ మంచం మీద చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. మాత్ర నాలుక కింద పెట్టాను. రెండు నిమిషాల్లో ముఖం తేటపడింది. మిషనాస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి, ఏ మందునైనా ఆరా తీయకుండా వదలదు.

"ఇంత బేగి ఎలగెల్తాదే గుండెకి?"

"ఆ మందు ఒంట్లోకెళ్ళి ఒక రకం గాలిగా మారుతుందమ్మా. ఆ గాలి రక్తనాళం కండలోకి వెళ్తే కండ వదులవుతుంది. రక్తం సాఫీగా పోతుంది."

"కండలోకి ఎలగ దూరతాది? కన్నముంటాదేటి?"

"ఉంటుంది. అది కనిపెట్టింది నేనే."

"నువ్వా!" అంది అమ్మ. ఆ మాట అన్న తీరుకి ఎనిమిదేళ్ళ కష్టమూ తీరిపోయింది. మా అమ్మ ఎలీసమ్మ ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

పొద్దున్న ఫస్టియర్ ప్రాక్టికల్స్ ముందు, మెర్క్యూరిక్ క్లోరైడ్ సీసా మూత లేకుండా బల్ల మీద ఉండగా కూర్మయ్య చూశాడట. విషం. పిల్లలు లోపలికి వచ్చే వేళ. వెనకాలే వచ్చిన పిల్లల నోట ప్రిన్సిపాల్‌కి తెలిసిపోయింది. నన్ను పిలిచారు.

"ఎవరిదమ్మా స్వర్ణా ఈ నిర్లక్ష్యం?"

"ఆ సీసా రాజకుమారి వాడుతుంది సార్," అన్నాను.

అబద్ధం కాదు. వాడుతుంది.

సెప్టెంబరు 20

సాయంత్రం నేను వెళ్ళాక అది మళ్ళీ వచ్చి ఉండచ్చు. దాని దగ్గరా తాళం చెవి ఉంది. నోటుబుక్కు కోసం వెతుకుతోంది కదా. వచ్చే ఉంటుంది.

సెప్టెంబరు 22, సోమవారం

తీసేశారు. నేను తీసెయ్యమనలేదు. హెచ్చరించి వదిలేస్తారనుకున్నాను.

వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాను నాలుగ్గంటలకే ఎల్లిపోయేను. ఆ సీసా ముట్టుకోలేదు. మీకు తెల్సు," అంది.

"నాకేం తెలుసు?"

"నా నోటుబుక్కైనా ఇచ్చీండి మేడమ్. నా చేతి రాతండి అది."

"నా దగ్గర లేదని చెప్పాను కదా."

కాసేపు నా ముఖంలోకే చూసింది. మైక్రోస్కోపులో స్లయిడు చూసినట్టు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో చేరి మూడు నెలలు కాలేదు, ఆ పొగరు ఎక్కడిది?

సెప్టెంబరు 23

ల్యాబు నిశ్శబ్దంగా ఉంది. ఇదే నాకు కావాల్సింది.

కూర్మయ్య నాకు నమస్కారం పెట్టడం మానేశాడు.

అక్టోబరు 4

వైవా తేదీ వచ్చింది. నవంబరు 20. అది అయితే శాఖ హెడ్డు కుర్చీ నాదేనని ప్రిన్సిపాల్ మాటగా చెప్పారు.

అక్టోబరు 12, ఆదివారం

తుఫాను. పొద్దున్న నుంచి గాలి అరుస్తోంది. వంటింటి మీద పెంకులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. అమ్మ కీర్తనలు పాడుతోంది. ఆపమన్నాను. ఆపలేదు.

అక్టోబరు 13

కరెంటు లేదు. ఫోను లేదు. నీళ్ళు లేవు. వీధిలో చెట్లన్నీ పడుకున్నాయి.

అక్టోబరు 15, బుధవారం

బీరువాలోకి వాన నీరు దిగింది. బట్టలు తీసి ఆరేస్తుంటే, చీరల కింద నుంచి అమ్మ రాజకుమారి నోటుబుక్కు తీసింది.

"ఎవల్దే ఈ పుస్తకం?"

"ల్యాబుది."

అమ్మ మొదటి పేజీ కూడబలుక్కుని చదివింది. "పేరు రాసుందిలే," అని ఎండలో ఆరబెట్టింది. ఇంకో మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

అక్టోబరు 16

కరెంటు లేదు. చదవడానికి వేరే ఏమీ లేక చదివాను.

పదకొండు ప్రయోగాలు. తేదీ, టైము, మేక రక్తం ఎప్పుడు తెచ్చారు, ఎన్నిసార్లు కడిగారు, అన్నీ ఉన్నాయి. పన్నెండోది కూడా చేసింది. దాని పక్కన "మేడమ్ చెప్పినట్టు" అని రాసుకుంది. చివర ఒక మాట:

"కదపకుండా చేస్తే మేడమ్‌కి వచ్చిన అంకెలే నాకూ వచ్చాయి. మేడమ్ కొలత తప్పు కాదు. దానికి అసలు కారణం వేరు."

నా గురించి ఇంత మర్యాదగా నా గైడు కూడా ఎప్పుడూ రాయలేదు. మర్యాద చూపించి నోరు మూయించడం కూడా ఒక పొగరే.

అక్టోబరు 18, శనివారం

కాలేజీకి వెళ్ళాను. ల్యాబు కిటికీ అద్దాలన్నీ నేల మీదున్నాయి. కూర్మయ్య ఊడుస్తున్నాడు.

"మేక రక్తం దొరుకుతుందా?" అన్నాను.

చీపురు ఆపి చూశాడు. "ఈ రోజుల్లోనా? కటికోడు పొద్దున్నే కోసీసినాడు. పోయి తెస్తాను."

కరెంటు లేదు కాబట్టి రంగు కొలిచే మిషను లేదు. కిటికీ దగ్గర తెల్ల కాగితం అడ్డం పెట్టి కంటితోనే చూడాలి. కణాలను చేత్తో తిప్పే పాత మిషనులో కడిగాను. సీలు తీయని పొడి సీసా ఒకటి మిగిలింది. మొదట కదపకుండా చేశాను. మెర్క్యురీ ట్యూబు ఎర్రగానే ఉండిపోయింది, పక్కది గోధుమరంగుకి తిరిగింది. నా థీసిస్ నా ఎదురుగా నిలబడి ఉంది. అక్కడితో ఆపేయచ్చు.

కూర్మయ్య అన్నాడు: "కదిపి సూడరేటి?"

కొత్త ట్యూబులు రెండూ అతని చేతికే ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని ఆపకుండా కదిపాడు. పొడి నీళ్ళు రెండింటిలో ఒకేసారి వేశాను.

రెండూ ఒకేసారి గోధుమరంగుకి తిరిగాయి.

ద్వారాలు మూసేసిన ట్యూబు కూడా. వాయువు దేనికోసమూ ఆగలేదు.

మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. ఆరుసార్లు చేశాం.

"ఆ రాజకుమారి గుంట నాకు ఎప్పుడో సూపించింది," అన్నాడు కూర్మయ్య. "మీకూ సూపించింది కదా."

ట్యూబులు కడగడం మొదలుపెట్టాను.

"ఆ సీసా మీరు తీసినప్పుడు నాను వరండాలోనే ఉన్నాను మేడమ్. మీకు ఫోనొచ్చినాది, అలగే ఒగ్గీసి ఎల్లిపోయేరు. అమ్మకి బాగులేదేమో అని నాను తాళం ఏసీసేను. లోపలికి ఎల్లి సూడలేదు. తప్పు నాదీ ఉన్నాది."

"మరి ప్రిన్సిపాల్‌కి ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవలడిగేరు?" అన్నాడు. "మీరు సెప్తారని సూసేను. ఒకరోజు, రెండ్రోజులు. అప్పటికే ఆ గుంటని ఎల్లగొట్టీసినారు."

అక్టోబరు 19

చర్చికి వెళ్ళలేదు.

అక్టోబరు 25, శనివారం

నోటుబుక్కు ఇచ్చేస్తే నా బాధ్యత తీరిపోతుందని రాజకుమారి ఊరికి వెళ్ళాను. రామతీర్థంలో బస్సు దిగి ఆటోలో. దారి పొడుగునా వరి నేలకు ఒరిగి నీళ్ళలో నానుతోంది. రాజకుమారీ, వాళ్ళమ్మ లక్ష్మణమ్మా మోకాలి లోతు బురదలో పడిపోయిన దుబ్బుల్ని లేపి కట్టలు కడుతున్నారు. నన్ను చూసి తల్లి గట్టెక్కబోయింది.

"ఉండమ్మా, నా కోసం వచ్చేరు," అని రాజకుమారే వచ్చింది. చేతులు కడుక్కోలేదు.

నోటుబుక్కు చాపాను. "దొరికింది," అన్నాను.

"ఎక్కడ?"

"దొరికింది."

అందుకోలేదు. బురద చేతులు అలాగే పక్కకి పెట్టుకుని నిలబడింది.

"మీరు చేసి సూసేరా?"

"చూశాను."

"ఏటయింది?"

"నువ్వు చెప్పిందే అయింది."

సంతోషపడుతుందనుకున్నాను. దాని ముఖంలో ఏమీ మారలేదు. "నాకు తెల్సు. దాని కోసం మీరు ఇంత దూరం రానక్కర్లేదు. సీసా తెరిసింది నాను కాదని ప్రిన్సిపాల్ గారికి రాసి ఇయ్యండి. విషం సీసా ఒగ్గీసిన పిల్లని అని రెండు కాలేజీలోల్లు నన్ను ఒద్దన్నారు."

"రాస్తే నా పరిస్థితి ఏమవుతుందో తెలుసా? వైవా ముందు..."

"నా పరిస్థితి ఏటయిందో మీరు అడిగేరా?"

లక్ష్మణమ్మ పొలంలోంచి కేకేసింది: "ఎవులే? కాలేజీ మేడమేనా? కూకోమను, మంచినీల్లైనా ఇద్దుము."

"ఒద్దమ్మా. ఎల్లిపోతన్నారు," అంది రాజకుమారి.

నోటుబుక్కు గట్టు మీద పెట్టి వచ్చేశాను. మంచినీళ్ళు కూడా ఇవ్వని ఇల్లు.

నవంబరు 3

ఒక్క ప్రయోగం తప్పయితే థీసిస్ అంతా తప్పు కాదు. మొదటి రెండు అధ్యాయాలు బాగానే ఉన్నాయి. పరీక్షకులు మేక రక్తం పట్టుకుని రారు.

నవంబరు 11

వాళ్ళడిగితే చెప్తాను. అడక్కపోతే నా అంతట నేను చెప్పడం ఎందుకు?

నవంబరు 19

అడగరు.

నవంబరు 20, గురువారం

అడగలేదు.

గంటసేపు వైవా. ఢిల్లీ నుంచి వచ్చిన పరీక్షకుడు మూడో అధ్యాయం చాలా బాగుందన్నాడు. గైడు గారు తల ఊపారు. "ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నారు. హాల్లో ఎవరూ చెయ్యెత్తలేదు. ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటే నా పేరు ముందు డాక్టరు.

నేనే చెయ్యెత్తాను. ఎందుకో తెలియదు. మంచితనం కాదు. ఈ గదిలో ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, పల్లెటూరి పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళ మీద నాకు అసహ్యం వేసింది. వాళ్ళు మెచ్చుకున్న నా మీద ఇంకా ఎక్కువ.

"మూడో అధ్యాయం తప్పు సార్," అన్నాను. "ట్యూబులు కదపలేదు. మెర్క్యురీ కణాల్ని ముద్ద కట్టించింది. కదిపితే తేడా లేదు. వాయువుకి ఆ ద్వారం అక్కర్లేదు."

గైడు గారి ముఖం నల్లబడింది. పరీక్షకుడు కళ్ళజోడు తీసి, "ఇది మీరు కనిపెట్టారా?" అని అడిగాడు.

"నా అసిస్టెంటు," అన్నాను.

మూడో అధ్యాయం తీసేసి ఏడాదిలోగా మళ్ళీ ఇమ్మన్నారు. బయట వరండాలో గైడు గారు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

నవంబరు 21

అమ్మకు చెప్పాను. అంతమంది ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నానని. ఇంకోసారి "నువ్వా!" అంటుందనుకున్నాను.

"బాగున్నాది," అంది. "పెద్దోల్ల ముందర ఒప్పుకున్నావు. మరి ఆ పిల్ల సీసా మాటేటి?"

"నీకెవరు చెప్పారు?"

"కూర్మయ్య ఒచ్చినాడు, నువ్వు లేనప్పుడు. ఒసే, నీ రంగు నీల్లు తప్పైతే మల్లీ చేసుకుంటావు. ఆ పిల్ల బతుకు ఎవలు మల్లీ చేస్తారే?"

కంచం తోసేసి లేచాను. నలభై మూడేళ్ళ మనిషిని, నన్ను ఒసే అంటుంది.

డిసెంబరు 1, సోమవారం

రాసి ఇచ్చాను. నాలుగు వాక్యాలు. సీసా తెరిచింది నేను, వదిలేసింది నేను, పేరు చెప్పింది నేను, నోటుబుక్కు దాచింది నేను.

నరసింగరావు గారు రెండుసార్లు చదివారు. "ఇదెందుకమ్మా ఇప్పుడు? అందరూ మర్చిపోయారు," అన్నారు.

"ఆ పిల్ల మర్చిపోలేదు సార్."

"మిమ్మల్ని హెడ్డుని చెయ్యలేను మరి."

"తెలుసు."

"ల్యాబు బాధ్యత కూడా."

అది తెలియదు. తాళం చెవులు బల్ల మీద పెట్టి వచ్చాను. స్టాఫ్ రూములో కెమిస్ట్రీ ఆయన ఈసారి పేపరు అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు.

డిసెంబరు 10, బుధవారం

రాజకుమారి సర్టిఫికెట్ కోసం వచ్చింది. సీసాతో తనకు సంబంధం లేదని ప్రిన్సిపాల్ రాసి ఇచ్చారు. మళ్ళీ చేరమన్నారట, వద్దందట. గజపతినగరంలో ఒక జూనియర్ కాలేజీలో చెప్పడానికి కుదిరిందట. ఇదంతా కూర్మయ్య చెప్పాడు. నాతో మాట్లాడకుండా వెళ్ళిపోతోందని నేనే వరండాలో ఎదురెళ్ళాను.

"పత్రికకి సవరణ పంపాలి," అన్నాను. "అచ్చయిన పేపరు తప్పని. నీ ప్రయోగాలు కావాలి. నీ పేరు నా పేరు పక్కన పెడతాను. ముందు నీదే."

నోటుబుక్కు సంచిలోంచి తీసి ఇచ్చింది. అట్ట మీద ఎండిన బురద మరకలు.

"నా పేరు పెట్టండి," అంది. "మీ పేరు పక్కన మాత్రం ఒద్దు."

కూర్మయ్య అక్కడే ఉన్నాడు. ఏదో అంటాడనుకున్నాను. తల దించుకుని బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు.

"అలాగే," అన్నాను.

ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. స్కూటీ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయింది. దాని మీద నాకు కోపం పోలేదు. పోతుందనీ అనుకోను.

డిసెంబరు 14, ఆదివారం

పొద్దుటి నుంచి టైపు చేశాను. పన్నెండు ప్రయోగాలు, రెండు పట్టికలు, ఒక పేజీన్నర. నా పాత పేపరు తప్పని చెప్పే చోట నా పేరు ఉంది. రాసినవారి పేరు దగ్గర ఒక్కటే పేరు.

అక్షరదోషాలు రెండు ఉంటే దిద్ది పంపేశాను.